వీలునామాను కోర్టులో ప్రశ్నించాలంటే: మతిస్థితి సరిగా లేదన్నా, వాటా అన్యాయమన్నా ఏం చేయాలి

తాతయ్య పెద్దకర్మ అయిన మర్నాడు మామయ్య ఒక జిరాక్సు కాగితం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. రిజిస్టరు అయిన వీలునామా. ఇల్లు, రెండున్నర ఎకరాల పొలం, బ్యాంకులో డబ్బు అన్నీ మామయ్యకే. అమ్మ గురించి, పిన్ని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "నా కుమార్తెలకు వివాహ సమయములో ఇవ్వవలసిన పసుపు కుంకుమలు ఇచ్చియున్నాను." తేదీ చూస్తే, తాతయ్య ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నాలుగో రోజు. సంతకం లేదు, వేలిముద్ర ఉంది. ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసి, ఆ ఏడాది కూడా పెన్షన్ కాగితాల మీద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టిన మనిషి ఆయన.

ఆ తర్వాత నాలుగేళ్లు అమ్మ వెంట కోర్టుకు తిరిగాను. నేను లాయర్ని కాదు. కానీ మొదటి నెలలో చేయాల్సిన పనులు మూడో ఏట చేయాల్సి వచ్చి మేం చాలా పోగొట్టుకున్నాం. ఆ పరిస్థితి మీకు రాకూడదని ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేది ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం కుటుంబాలకు, విదేశాల్లో ఉన్నవాళ్లకు వర్తించేవి చివర్లో విడిగా చెప్తాను.

ముందు ఒక చేదు నిజం

"మాకు తక్కువ రాశారు", "ఆడపిల్లలకు ఏమీ ఇవ్వలేదు" అన్నది ఒక్కటే వీలునామాను కొట్టేయడానికి మన దేశంలో కారణం కాదు. స్వార్జితమైన ఆస్తిని ఎవరికైనా రాసుకునే హక్కు హిందువుకు ఉంది. అందరికీ సమానంగా పోయే ఆస్తిని మార్చి ఇవ్వడానికే వీలునామా రాస్తారు కాబట్టి, వారసుల్ని పక్కన పెట్టినంత మాత్రాన అనుమానించనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకు ఈ మాట అర్థం చేయించడానికి మాకు ఆరు నెలలు పట్టింది. ఆవిడ దృష్టిలో అన్యాయం కళ్లెదుట కనిపిస్తోంది, ఇంకా రుజువు ఎందుకు?

కాబట్టి మీ కోపాన్ని మూడు ప్రశ్నలుగా విడదీయండి. ఆ కాగితం మీద వేలుముద్ర వేసిన రోజు ఆయన మనసు స్థిమితంగా ఉందా? ఆయన రాసిచ్చిన ఆస్తి మొత్తం ఆయనదేనా? వీలునామా నిలబడినా సరే, మీకు పోషణ హక్కు ఉందా? ఈ మూడింటికీ దారులు వేరు, సాక్ష్యాలు వేరు. వీలునామా మొత్తం పడిపోకపోయినా రెండోది, మూడోది మిమ్మల్ని కాపాడవచ్చు.

మొదటి వారం: ఎక్కడా సంతకం పెట్టకండి

దుఃఖంలో ఉన్నప్పుడు కాగితాలు వస్తాయి. "పాసుబుక్కు మార్పించాలి, అభ్యంతరం లేదని ఒక సంతకం", "బ్యాంకు వాళ్లు అడిగారు" అంటారు. అవి అఫిడవిట్లు కావచ్చు, హక్కు విడుదల దస్తావేజులు కావచ్చు. ఆడపిల్లల చేత ఇలా పెట్టించుకున్న సంతకాలు తర్వాత కోర్టులో మొదటి అడ్డంకి అవుతాయి. చదవని కాగితం మీద సంతకం వద్దు. చదివినా లాయరుకు చూపించే వరకు వద్దు.

తర్వాత వీలునామా సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. చాలామంది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి "వీలునామా ఏమీ లేదు" అనుకుంటారు. ఈసీలో వచ్చేది అమ్మకాలు, తనఖాలు లాంటి లావాదేవీలు. వీలునామాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ నంబరు పుస్తకంలో విడిగా ఉంటాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, రాసిన మనిషి బతికి ఉండగా ఆ కాపీ ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. చనిపోయాక ఎవరు అడిగినా ఇవ్వాలి. మరణ ధృవీకరణ పత్రం జతచేసి దరఖాస్తు పెట్టండి.

ఆ కాపీలో వెనక పేజీలు ముఖ్యం. రిజిస్ట్రారు రాసిన ఎండార్సుమెంటు, ఎన్ని గంటలకు దాఖలైంది, గుర్తింపు సాక్షులెవరు, ఇంటికే వచ్చి రిజిస్టరు చేశారా, అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటికి రావడానికి చట్టం ప్రకారం ప్రత్యేక కారణం ఉండాలి. మా కేసులో ఆ కారణం "మంచం దిగలేని స్థితి". ఆ రెండు ముక్కలే తర్వాత మాకు ఆధారమయ్యాయి.

పాత వీలునామాలు ఏమైనా ఉన్నాయేమో కూడా వెతకండి. ఈ వీలునామా పడిపోతే దానికి ముందుది బతుకుతుంది. అందులో మీకు ఇంకా తక్కువ ఉంటే మీ పోరాటం మీకే నష్టం.

అదే వారంలో తహసీల్దారుకు, మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి, బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పాసుబుక్కులో పేరు మారిపోయిందని కంగారు పడొద్దు. రికార్డులో పేరు మార్చినంత మాత్రాన (దీన్నే మ్యుటేషన్ అంటారు) యాజమాన్యం రాదు, వీలునామా మీద గొడవ ఉంటే తేల్చాల్సింది సివిల్ కోర్టే. అయితే పేరు మారితే అమ్మేయడం తేలికవుతుంది కాబట్టి అభ్యంతరం వేయకుండా ఊరుకోవద్దు.

ఆస్తి ఎవరిది?

వీలునామాలో "నా స్వార్జితం" అని రాసినంత మాత్రాన స్వార్జితం అయిపోదు. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే తన వాటా వరకే రాయగలడు, మిగతా వాళ్ల వాటా మీద ఆ వీలునామా పనిచేయదు. హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణతో 2005 సెప్టెంబరు 9 నుంచి కూతురు కూడా పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటాదారు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందే మన రాష్ట్రంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చారు.

ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. "తాత ఆస్తి కాబట్టి పిత్రార్జితమే" అనుకుంటారు. 1956 తర్వాత తండ్రి చనిపోయి, హిందూ వారసత్వ చట్టం కింద కొడుక్కి వచ్చిన వాటా మామూలుగా ఆ కొడుకు సొంత ఆస్తి కిందే లెక్క. కాబట్టి ఆస్తి ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ కాగితంతో వచ్చిందో కనుక్కోండి. పాత అడంగళ్లు, పహాణీలు (ఊరి భూమి రికార్డులు), పంపకపు పత్రాలు, కొనుగోలు దస్తావేజులు తీయించండి. మా తాతయ్య పొలంలో ఎకరం పాత పంపకంలో వచ్చిందని 1960ల నాటి కాగితం ఒకటి పిన్ని ట్రంకుపెట్టెలో దొరికింది.

మతిస్థితి: కేసుకు గుండెకాయ

ప్రతి వీలునామాలోనూ "నేను పూర్తి స్మారకములోను, మంచి మతిస్థితిలోను ఉండి, ఎవరి ప్రోద్బలము లేకుండా" అని ఉంటుంది. దస్తావేజు లేఖరి కంప్యూటర్లో ఆ వాక్యం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాంతో ఏదీ రుజువు కాదు.

చట్టం అడిగేది ఏమిటో 1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. దాని కింద ఇచ్చిన ఒక ఉదాహరణను మీ లాయరుతో కూర్చుని చదవండి. ఒక మనిషి తన చుట్టూ ఏం జరుగుతోందో గమనించగలడు, అలవాటైన ప్రశ్నలకు జవాబు చెప్పగలడు. కానీ తన ఆస్తి ఎలాంటిదో, తన వాళ్లు ఎవరో, ఎవరికి రాయడం సబబో సరిగా అర్థం చేసుకోలేడు. అలాంటి వాడు రాసిన వీలునామా చెల్లదు. అంటే "పేరు అడిగితే చెప్పాడు, కాఫీ తాగాడు, నన్ను గుర్తుపట్టాడు" అనే సాక్ష్యం చాలదు.

అదే సెక్షన్ రెండో వైపు కూడా చెప్తుంది. బాగా నీరసించినా, మంచాన పడినా, ఆస్తిని ఎలా పంచాలో ఆలోచించగలిగితే ఆ వీలునామా చెల్లుతుంది. మతి చెడ్డ మనిషి కూడా తెలివి వచ్చిన సమయంలో రాయవచ్చు. 85 ఏళ్ల వయసు, వణికే చేయి, చెవుడు, ఇవి విడిగా ఏ రుజువూ కావు. కాబట్టి మీరు చూపించాల్సింది ఆ ఫలానా రోజున, ఆ గంటల్లో ఆయన పరిస్థితి.

దీనికి నేను చేసిన పని చెప్తాను. లావుపాటి నోటుపుస్తకం కొని, వీలునామా తేదీకి ఆరు నెలల ముందు నుంచి నెల తర్వాత వరకు ఒక్కో రోజుకు ఒక్కో పేజీ కేటాయించాను. ఆస్పత్రిలో చేరిన రోజు, జ్వరం, మందులు, ఎవరెవరు వచ్చారు, ఆయన ఏం మాట్లాడారు, బ్యాంకు నుంచి డబ్బు తీసింది ఎవరు, ప్రతిదీ దాని తేదీ కింద రాశాను. చాలా పేజీలు ఖాళీగా ఉండిపోయాయి. కానీ వీలునామాకు ముందు పదిరోజులు నిండేసరికి, మా లాయరు గారు మొదటిసారి ఫైలు నుంచి తలెత్తి మాట్లాడారు.

ఆ పుస్తకంలోకి ఏమేం చేర్చాలి?

ఆస్పత్రి కేసుషీటు అన్నిటికంటే ముఖ్యం. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే కాదు, నర్సులు గంట గంటకు రాసే నోట్సు కావాలి. "రాత్రంతా కలవరింతలు, సెలైన్ పీక్కున్నారు", "మనుషుల్ని గుర్తుపట్టడం లేదు" లాంటివి అక్కడే దొరుకుతాయి. ముసలివాళ్లకు సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, ఐసీయూ నుంచి వచ్చాకా కొన్ని రోజులు మతి చెదరడం తరచూ చూస్తాం. దాన్ని డెలీరియం అంటారు. ఒక పూట బాగుండి మరో పూట అయోమయంగా ఉండటం దాని లక్షణం. అందుకే "పొద్దున బాగానే మాట్లాడారు" అన్న సాక్ష్యంతో సాయంత్రం వేసిన వేలిముద్ర నిలబడదు. మతిమరుపు జబ్బు అయితే పాత మందుల చీటీలు చూడండి. డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మందులు ఉంటే, అప్పటికే ఒక డాక్టరు ఆ జబ్బుకు చికిత్స చేస్తున్నారన్నమాట. 30 మార్కులకు చేసే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం బంగారం.

ఈ రికార్డులకు ఆలస్యం చేయొద్దు. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంటు రికార్డులు 3 ఏళ్లు దాచాలి, రోగిగానీ అధికారం ఉన్న సహాయకులుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మాకు ఒక ఆస్పత్రి వాళ్లు "పేషెంటే రావాలి" అన్నారు. చనిపోయిన మనిషి ఎలా వస్తాడు? అప్పుడే రాతపూర్వకంగా అడిగి, కాదంటే కోర్టు ద్వారా సమన్లు వేయించి ఉండాల్సింది. మేం వెళ్లేసరికి పాత కేసుషీట్లు తీసేశామన్నారు. చివరికి మమ్మల్ని నిలబెట్టింది ఇంకో చోట చేయించిన రక్తపరీక్ష రిపోర్టులు.

మనుషుల సాక్ష్యంలో వారసుల మాటకు విలువ తక్కువ, ఎందుకంటే అందరికీ ఆస్తిలో లాభం ఉంటుంది. ఇంట్లో పెట్టుకున్న ఆయా, ఫిజియోథెరపీకి వచ్చిన అబ్బాయి, పక్కింటి వాళ్లు, పాలు పోసేవాళ్లు చెప్పే మాట వేరు. ఫోన్లో వీడియోలు, వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఉంటే ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

మీకు వ్యతిరేకంగా ఉన్నవీ ఆ పుస్తకంలోనే రాయండి. ఆ వారంలోనే ఆయన ఫోన్లో మీతో పొలం కౌలు లెక్క కచ్చితంగా మాట్లాడి ఉంటే, అవతలి లాయరు అది బయటికి లాగుతాడు. ముందే మీ లాయరుకు తెలియాలి.

వీలునామాకు డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఉంటే భయపడొద్దు. ఆ డాక్టరు అప్పటికే ఆయనకు చికిత్స చేస్తున్న వాడేనా? ఎముకల డాక్టరా, నరాల డాక్టరా? ఆస్తి గురించి, పిల్లల గురించి ఏమైనా అడిగాడా, లేక "స్పృహలో ఉన్నారు" అని రాసి వెళ్లిపోయాడా? ఈ ప్రశ్నలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాలి.

అనుమానాస్పద పరిస్థితులు, రుజువు భారం

ఇక్కడ చట్టం మీకు కొంత సాయం చేస్తుంది. వీలునామా పట్టుకొచ్చిన వాళ్లే దాన్ని రుజువు చేయాలి. 1958 నవంబరులో తీర్పొచ్చిన వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇప్పటికీ దారిదీపం: రాసిన మనిషి కోర్టుకొచ్చి చెప్పలేడు, కాబట్టి అనుమానాలుంటే లాభం పొందేవాడే వాటిని తొలగించి కోర్టును ఒప్పించాలి. సంతకం వణికినట్టు ఉండటం, మనసు బలహీనంగా ఉండటం, కారణం లేకుండా దగ్గరివాళ్లను వదిలేయడం, లాభం పొందినవాడే ముందుండి అన్నీ నడిపించడం, ఇలాంటివి అనుమానాలు. మీ "అన్యాయపు వాటా" వాదన పనికొచ్చేది ఇక్కడే. ఒంటరిగా అది బలహీనం, మిగతా వాటితో కలిస్తే బలం.

వీలునామా రిజిస్టరు అయిందన్న మాటతోనే అనుమానాలన్నీ పోవని కోర్టులు పదే పదే చెప్పాయి. ఎప్పుడూ సంతకం పెట్టే మనిషి వేలిముద్ర ఎందుకు వేశాడు? సాక్షులు మామయ్య స్నేహితులేనా? లేఖరికి ఫీజు ఎవరిచ్చారు? ముసాయిదాను ఆయనకు చదివి వినిపించారా? ఇవన్నీ రాసుకోండి.

అయితే మోసం, బలవంతం, ఒత్తిడి అని మీరంటే ఆ భారం మీ నెత్తిన పడుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో దావాలోనే వివరంగా రాయాలి. అందుకే కోపంలో అన్ని ఆరోపణలూ గుమ్మరించొద్దు. ముఖ్యంగా "వేలిముద్ర ఫోర్జరీ" అని ఒక పేరాలో, "అర్థం కాకుండానే వేయించారు" అని ఇంకో పేరాలో రాస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మేం మొదట ఆ తప్పే చేశాం. దావా సవరణకు ఏడాది పోయింది.

సాక్షి బోనులో

వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకం లేదా వేలిముద్ర వేయడం ప్రతి సాక్షీ చూసి ఉండాలి, లేదా అది తనదేనని ఆయన స్వయంగా వాళ్లతో ఒప్పుకుని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే వాళ్లు సంతకం చేయాలి. సాక్షి బతికి ఉంటే కనీసం ఒక్కరినైనా కోర్టుకు పిలిచి చెప్పించాలి. వీలునామా ముప్పై ఏళ్ల పాతదైనా ఈ పని తప్పదు.

కేసులు గెలిచేది, ఓడేది చాలాసార్లు ఈ ఒక్క మనిషి దగ్గరే. మా కేసులో రెండో సాక్షి "నేను వెళ్లేసరికి ముద్ర వేసే ఉంది, నేను సంతకం చేసి వచ్చేశాను" అన్నాడు. ఆ ముద్ర తనదేనని తాతయ్య తనతో ఒప్పుకున్నట్టు చెప్పలేకపోయాడు. మొదటి సాక్షి ఎంత గట్టిగా చెప్పినా దాంతో వీలునామా కదిలింది.

దావా వేసేటప్పుడు

మామూలుగా వీలునామా లేనట్టే లెక్కేసి పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేస్తారు. చనిపోయినాయన తల్లి, భార్య, ప్రతి కొడుకు, ప్రతి కూతురు తలా ఒక సమాన వాటాకు వారసులు. వీలునామా చెల్లదని అందులోనే అంటారు, దాన్ని రుజువు చేసే పని అవతలి వాళ్లది. వారసులందర్నీ, ఆస్తులన్నింటినీ చేర్చాలి. ఒక్క అక్కను మర్చిపోయినా దావాకు చిక్కొస్తుంది. కోర్టు ఫీజు మీరు ఆస్తిని ఉమ్మడిగా అనుభవిస్తున్నారా, బయటకు నెట్టేశారా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధృవీకరణ) తప్పనిసరి కాదు కాబట్టి, "ప్రొబేట్ తీసుకోలేదు, చెల్లదు" అన్న వాదన మీద ఆశ పెట్టుకోవద్దు.

దావాతో పాటే, ఆస్తి అమ్మకుండా ఆపే తాత్కాలిక ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కోరండి. గడువు విషయంలో, వీలునామా చెల్లదని కోర్టు ప్రకటన (డిక్లరేషన్) అడిగితే హక్కుకు భంగం కలిగిన నాటి నుంచి 3 ఏళ్లే. పార్టిషన్‌కు ఎక్కువ కాలం ఉందని ఎవరో చెప్తే విని కూర్చోకండి.

వీలునామా నిలబడితే?

1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం 21, 22 సెక్షన్లు చాలామందికి తెలియవు. భార్య, తల్లిదండ్రులు, మైనరు పిల్లలు, పెళ్లికాని కూతురు, కొన్ని షరతులతో వితంతువైన కూతురు, కోడలు చనిపోయిన వ్యక్తి మీద ఆధారపడినవాళ్ల కింద లెక్క. వాళ్లకు ఆస్తిలో ఏ వాటా రాకపోతే, ఆస్తి దక్కించుకున్నవాళ్లు అందులోంచి పోషణ ఇవ్వాలి. ఎంత అన్నది ఆస్తి విలువ, వీలునామాలో ఇచ్చింది, అవసరాలు చూసి కోర్టు నిర్ణయిస్తుంది. అమ్మమ్మ విషయంలో మేం దీన్ని మొదట్లోనే అడిగి ఉంటే, ఆవిడ మందుల కోసం ఎవరి ముందూ చేయి చాచాల్సి వచ్చేది కాదు.

"నా భార్య జీవితాంతం అనుభవించి, తర్వాత నా కుమారునికి" అనే వాక్యం మన వీలునామాల్లో తరచూ ఉంటుంది. పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి ఆమెకు పూర్తి హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్ర నుంచే వెళ్లింది. వీలునామాతో ఇచ్చిన జీవితకాల హక్కుకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద తర్వాతి తీర్పులు ఒకే మాట మీద లేవు. మీ కాగితంలోని ప్రతి పదం లాయరుకు చూపించండి.

ముస్లిం కుటుంబాల్లో అయితే "తక్కువ ఇచ్చారు" అన్నదే సూటిగా పనిచేస్తుంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోను మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి రాస్తే మిగతా వారసుల ఒప్పుకోలు కావాలి. సున్నీల్లో ఒక వారసుడికే రాసినా అంతే.

ఇంగ్లండులో స్థిరపడి అక్కడే కన్నుమూసిన వ్యక్తి ఆస్తి గురించైతే అక్కడ 1975 నాటి చట్టం ఉంది. సరిపడా ఏర్పాటు చేయలేదని భార్య, పిల్లలు అడగవచ్చు, గడువు ప్రొబేట్ ఇచ్చాక 6 నెలలు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో చనిపోయిన రోజు నుంచి 12 నెలలు. ఇక్కడి ఆస్తి కోసం అక్కడి నుంచి పోరాడేవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు కానీ, మీరు కళ్లారా చూసింది మీ బదులు ఆ ఏజెంటు సాక్ష్యంగా చెప్పలేడు.

రాజీ తలుపు

ఖర్చుకు భయపడి ఆగిపోయే అక్కచెల్లెళ్లకు ఒక మాట. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. పెండింగులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

మా కేసు అక్కడే తెమిలింది. రెండో సాక్షి మాట తర్వాత మామయ్యే కబురు పెట్టాడు. ఎకరంన్నర అక్కచెల్లెళ్లిద్దరికీ, ఇల్లు మామయ్యకు, అమ్మమ్మ బతికినన్నాళ్లు ఆవిడ ఖర్చు మామయ్యది. సంతకాలయ్యాక అమ్మ, మామయ్య ఒకే ఆటోలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లారు.